హైదరాబాద్ నుంచి డాలస్: ఎంత దూరం, నిజంగా ఎన్ని గంటలు? లెక్క మీరే వేసుకోండి

మొదటిసారి అమ్మానాన్నలకి డాలస్ టికెట్లు తీసినప్పుడు నాన్న ఆ ప్రింటు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "తెల్లవారుజామున నాలుగున్నరకి ఎక్కితే సాయంత్రం నాలుగున్నరకి దిగిపోతాం. పన్నెండు గంటలేగా, బెంగళూరు బస్సులో కూర్చున్నట్టే" అన్నారు. నేను నవ్వాను గానీ ఆయన చదివింది తప్పు కాదు. టికెట్ మీద అచ్చంగా అలాగే ఉంది. ఆ టికెట్ తీసిన నేనే ఇంకో పెద్ద పొరపాటు చేశానని అప్పటికి నాకు తెలియదు. అది తర్వాత చెప్తాను.

విజయవాడలో ఇంటి తలుపు వేసిన దగ్గర్నుంచి డాలస్‌లో మా ఇంటి తలుపు తీసేదాకా వాళ్ళకి పట్టింది 35 గంటలు. పన్నెండు ఎక్కడ, ముప్ఫై అయిదు ఎక్కడ! ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే టికెట్ ఎంచుకోవడం దగ్గర్నుంచి మందుబిళ్ళలు సర్దడం దాకా అన్నీ తేలికవుతాయి. ఒక కాగితం, పెన్ను తీసుకోండి. నేను డాలస్‌తో చెప్తున్నా, మీ పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నా పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: దూరం

గోడ మీద ప్రపంచపటం ముందు నిలబడి హైదరాబాద్ నుంచి డాలస్‌కి గీత గీస్తే అది ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటుకుంటూ పోతుంది. ఆ గీతని నమ్మకండి. గుండ్రటి భూమిని చదును చేసి కాగితం మీద పరిచారు కాబట్టి అందులో దూరాలు సాగిపోయి ఉంటాయి. పిల్లల గ్లోబు ఉంటే తీసుకుని ఈ రెండు ఊళ్ళ మధ్యా ఒక దారం బిగించి పట్టుకోండి. దారం పడమటికి పోదు, నేరుగా ఉత్తరానికి పోతుంది! ఢిల్లీ, కాశ్మీర్, కజకిస్తాన్, పశ్చిమ సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి కాస్త పక్కగా వెళ్ళి, అటువైపు కెనడా మీదుగా కిందికి టెక్సాస్‌లో దిగుతుంది. అదే అన్నిటికన్నా దగ్గర దారి.

ఇలా ఎందుకంటే హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. భూమి చుట్టూ 360 కదా, అంటే దాదాపు సగం చుట్టు. మనం ఒక పక్కన ఉంటే వాళ్ళు సరిగ్గా అవతలి పక్కన ఉన్నారన్నమాట. అవతలి పక్కకి పోవాలంటే నెత్తి మీదుగా పోవడమే దగ్గర.

దీనివల్ల మనకో సదుపాయం ఉంది. ఈ ఒక్క జంటకి లెక్క చేత్తో వేసేయొచ్చు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువం 90 దగ్గర. మధ్యలో 72.76 డిగ్రీలు. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 దగ్గర ఉంది, అక్కడి నుంచి ధ్రువానికి 57.10. రెండూ కలిపితే 129.86. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. గుణించండి: 14,400 పైచిలుకు. కంప్యూటర్‌తో నిక్కచ్చిగా వేసినా ఇంచుమించు ఇంతే వస్తుంది. మైళ్ళలో అయితే దాదాపు 9,000.

ఇలా ఎదురుబొదురుగా లేని ఊళ్ళకి చేత్తో కష్టం. అప్పుడు కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఊరి మీద మౌస్ కుడి బటన్ నొక్కితే దూరం కొలిచే సదుపాయం వస్తుంది. రెండో ఊరి మీద నొక్కండి, చాలు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్లో అయితే హెచ్‌వైడీ, డీఎఫ్‌డబ్ల్యూ లాంటి విమానాశ్రయం కోడ్‌లు కొడితే గీత గీసి మరీ చూపిస్తుంది. ఇంత పెద్ద అంకెలు చూసి భయపడక్కర్లేదు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యయినా సుమారు 20,000 కిలోమీటర్లకి మించి దూరం ఉండదు.

కానీ మీరు ఎక్కే విమానం ఆ దారిన వెళ్ళదు

డాలస్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. ఇంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,000 కిలోమీటర్లకి పైగా ఆగకుండానే వెళ్తున్నారు, పద్దెనిమిది గంటల పైనే కూర్చోవాలి. 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యంలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చారు. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకి కూడా నేరుగా సర్వీసు మొదలైంది, తర్వాత ఆగిపోయింది.

అందుకని మనవాళ్ళు ఎక్కువగా దుబాయ్, దోహా మీదుగానో, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్తారు. మధ్యలో ఆగితే దూరం ఎంత పెరుగుతుందో చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కడి నుంచి డాలస్ 12,920. మొత్తం 15,470 కిలోమీటర్లు. లండన్ మీదుగా అయితే 7,750, 7,630 కలిపి 15,380. అంటే ఏ దారిన పోయినా చుట్టు వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. ఇంత ప్రయాణంలో అది గంటంబావు. కాబట్టి "ఏ దారి దగ్గర" అని బుర్ర బద్దలు కొట్టుకోవడం దండగ. తేడా వచ్చేది మధ్యలో ఎన్ని గంటలు ఆగుతారన్న దగ్గర.

ఒక్క తేడా మాత్రం ఉంది. గల్ఫ్ మీదుగా వెళ్తే ఒకటి పొట్టి ప్రయాణం, ఒకటి పదహారు గంటల పొడుగు ప్రయాణం. లండన్ మీదుగా వెళ్తే రెండూ దాదాపు పది గంటలవి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి రెండు సగాలే నయమని నా అభిప్రాయం. మా అమ్మ మాత్రం "ఒకసారి కూర్చున్నాక మళ్ళీ లేపకు" అంటుంది. వాళ్ళనే అడగండి.

రెండో మెట్టు: కిలోమీటర్లని గంటలుగా మార్చడం

పెద్ద జెట్ విమానం పైకి వెళ్ళాక గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి దూరాన్ని 900తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ నేల మీద పాకడానికీ కలిపి ఓ నలభై నిమిషాలు వేసుకోండి. దుబాయ్ నుంచి డాలస్‌కి ఇలా వేస్తే పదిహేను గంటలు వస్తుంది.

కానీ వెళ్ళేటప్పుడు టికెట్ మీద పదహారు దాకా ఉంటుంది. కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే పది పన్నెండు కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి ప్రవాహం ఉంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 200 కిలోమీటర్లు దాటి వీచే రోజులు కూడా ఉంటాయి, చలికాలంలో జోరు ఇంకా ఎక్కువ. అమెరికా వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. గోదావరిలో పడవ ఎదురెక్కడానికీ వాలులో రావడానికీ ఉన్న తేడానే. పొడుగు ప్రయాణంలో వెళ్ళేటప్పుడు గంట కలపండి. హైదరాబాద్, దుబాయ్ మధ్య కూడా అంతే: వెళ్ళేటప్పుడు నాలుగు గంటలైతే వచ్చేటప్పుడు మూడున్నర.

గాలితో పాటు మూసేసిన ఆకాశం సంగతీ ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, అమెరికా కంపెనీలు రష్యా మీదుగా ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి తన గగనతలం మూసేసింది, మనమూ వాళ్ళకి మూసేశాం. అదే ఏడాది జూన్‌లో దోహా ఆకాశాన్ని కొన్ని గంటలపాటు పూర్తిగా మూసేస్తే విమానాలు ఎక్కడివక్కడ దారి మళ్ళాయి. ఇలాంటివి మన లెక్కల్లో పట్టవు. అందుకే నేను చేసే పని ఒకటుంది. విమానాలు ఎక్కడెక్కడ ఎగురుతున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 వెబ్‌సైట్లో ఆ విమానం నంబరు కొట్టి, గత వారం రోజులుగా నిజంగా ఎన్ని గంటల్లో చేరిందో చూస్తాను. టికెట్ మీది అంకె కంటే నాకు దాని మీదే గురి.

మూడో మెట్టు: టికెట్ మీది టైముల్ని విప్పడం

నాన్న పడ్డ బోల్తా ఇక్కడే. టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. రెండిటినీ నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణం కాదు. అన్నీ ఇండియా టైములోకి మార్చుకుని అప్పుడు తీసివేయండి.

మార్చడానికి గుర్తుంచుకోవాల్సినవి ఇవే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. దోహా రెండున్నర గంటలు వెనక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. ఈ గంట తేడా ఎందుకంటే అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనకీ గల్ఫ్‌కీ ఆ గొడవ లేదు. బ్రిటన్, జర్మనీలూ తిప్పుతాయి గానీ మార్చి, అక్టోబరుల్లో చివరి ఆదివారాల్లో. ఆ రెండు తేదీలకీ మధ్య వచ్చే వారాల్లో ప్రయాణముంటే ఫోన్లో వరల్డ్ క్లాక్ చూసుకోవడమే మేలు.

నాన్న టికెట్‌తోనే చూద్దాం, వేసవి ప్రయాణం. హైదరాబాద్‌లో 4:30కి ఎక్కారు. దుబాయ్‌లో ఉదయం 7:00కి దిగారు. చూడ్డానికి రెండున్నర గంటలే, కానీ దుబాయ్ ఏడు అంటే మనకి ఎనిమిదిన్నర. కాబట్టి నాలుగు గంటలు. అక్కడ 9:30 దాకా ఆగారు, రెండున్నర గంటలు. తర్వాత డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4:30కి దిగారు. డాలస్ సాయంత్రం నాలుగున్నర అంటే మనకి మర్నాడు తెల్లవారుజామున మూడు. దుబాయ్‌లో ఎక్కిన 9:30 మనకి పదకొండు. పదకొండు నుంచి మర్నాడు మూడు దాకా పదహారు గంటలు. మొత్తం కూడితే నాలుగు, రెండున్నర, పదహారు: ఇరవై రెండున్నర.

అడ్డదారి కూడా ఉంది. టికెట్ మీద కనిపించే గంటలకి రెండు ఊళ్ళ టైము తేడా కలపండి. పన్నెండుకి పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర. వెళ్ళేటప్పుడు కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి.

నాలుగో మెట్టు: తేదీ చూసుకోండి, రెండుసార్లు

నా పొరపాటు ఇక్కడ జరిగింది. హైదరాబాద్ నుంచి బయటి దేశాలకి చాలా విమానాలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు ఎగురుతాయి. టికెట్ మీద 14వ తేదీ 4:30 అని ఉంది. నేను ఫోన్లో "పద్నాలుగు రాత్రికి ఫ్లైట్" అని చెప్పేశాను. అమ్మ పద్నాలుగో తేదీ మధ్యాహ్నం బయల్దేరేలా కారు మాట్లాడింది. ఆ టైముకి విమానం వెళ్ళిపోయి ఎన్నో గంటలవుతుంది! ఎదురింటి మామయ్య గారు చూసి, "వదినగారూ, ఇది పదమూడు రాత్రి కదా" అని చెప్పబట్టి బతికిపోయాం. పదమూడు పొద్దున ఆయన చూడకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. టికెట్ మీది తేదీ ఎవరికీ చెప్పం. ఇంట్లోంచి కాలు బయటపెట్టే తేదీ, వారం, గంట చెప్తాం: "పదమూడో తేదీ, శనివారం, సాయంత్రం ఆరింటికి కారు." క్యాలెండర్ మీద కూడా దానికే సున్నా చుడతాం.

అయిదో మెట్టు: మధ్యలో ఎంతసేపు ఆగాలి

టికెట్లు వెతికేటప్పుడు అందరూ తక్కువ ఆగేదే తీసుకుందామనుకుంటారు. కుర్రాళ్ళకి గంటన్నర చాలు. పెద్దవాళ్ళకి రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండేలా చూడండి. దుబాయ్ లాంటి చోట ఒక గేటు నుంచి ఇంకో గేటుకి లోపలే రైలెక్కి వెళ్ళాల్సి రావచ్చు. పైగా అమెరికా వెళ్ళే విమానాలకి గేటు దగ్గర మళ్ళీ విడిగా తనిఖీ ఉంటుంది, అందుకని గేటు ముందే పిలుస్తారు. ఆరు గంటలు దాటితే మాత్రం కుర్చీల్లో కూర్చుని నడుములు పోతాయి.

రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద ఉండాలి. ఇది ఖచ్చితం. రెండు వేల రూపాయలు మిగులుతున్నాయని విడివిడి టికెట్లు కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు, సామాను కూడా మధ్యలో మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. ఒకే బుకింగ్ అయితే శంషాబాద్‌లో ఇచ్చిన పెట్టెలు డాలస్‌లోనే కనిపిస్తాయి. ట్యాగు మీద డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోమనండి. ట్రాన్సిట్ వీసా నియమాలు దేశానికో రకంగా ఉంటాయి, మారుతుంటాయి కూడా. యూరప్ మీదుగా వెళ్తుంటే కొనేముందే ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్ చూడండి.

మీ పిల్లలు డాలస్ కాకుండా ఆస్టిన్‌లోనో ఇంకెక్కడో ఉంటే ఇంకో సంగతి. మామూలుగా అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ బెల్టు మీద వేయాలి. పెట్టెలు చివరి ఊరిదాకా ట్యాగు చేసి ఉన్నా సరే. కాబట్టి అక్కడ కనీసం మూడు గంటలు వదలండి. అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళకి దీన్నుంచి వెసులుబాటు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు 2014 నుంచి అక్కడే కౌంటర్ పెట్టుకున్నారు. ఆ పని అబుదాబిలోనే అయిపోయి, అమెరికాలో లోకల్ విమానం దిగినట్టు దిగిపోతారు.

టికెట్ తీసినప్పుడే వీల్‌చైర్, వెజ్ భోజనం అడిగేయండి. నడవగలిగినవాళ్ళకి వీల్‌చైర్ ఎందుకని నాన్న మొహమాటపడ్డారు. అది కాళ్ళ కోసం కాదు, దారి తెలియడం కోసం. తోసే మనిషి గేటుదాకా తీసుకెళ్తాడు, క్యూలో నిలబడక్కర్లేదు, ఇంగ్లీషు బోర్డులు చదవక్కర్లేదు. భోజనానికి ఏవీఎంఎల్ అనే కోడ్ పెడితే మన పద్ధతి వెజ్ వస్తుంది. ఆవకాయ చేతిసంచిలో వద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. పెద్ద పెట్టెలో గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి.

ఆరో మెట్టు: ఇంటి నుంచి ఇంటికి

ఇప్పుడు అసలు అంకె. విజయవాడ నుంచి శంషాబాద్‌కి కారులో అయిదారు గంటలు, మధ్యలో భోజనానికి ఆగితే ఇంకో అరగంట. విమానానికి నాలుగు గంటల ముందు చేరాలనుకుంటే సాయంత్రం ఆరింటికి ఇల్లు వదలాలి. అంటే ఎగిరేలోపే పదిన్నర గంటలు. విమానాలూ ఆగడమూ కలిపి ఇరవై రెండున్నర. డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను గంటన్నర. అక్కడి నుంచి ఇంటికి ముప్పావుగంట. మొత్తం 35 గంటల పావు.

దీన్ని పట్టే మిగతావన్నీ. ముప్ఫై అయిదు గంటలంటే బీపీ, షుగర్ బిళ్ళలు ఎన్నిసార్లు వేసుకోవాలో లెక్కేసి, దానికి రెట్టింపు చేతిసంచిలో పెట్టండి. ఏ ఊరి టైము ప్రకారం వేసుకోవాలో, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, ముందే డాక్టర్ని అడగాలి. పదహారు గంటల విమానంలో రెండు గంటలకోసారి లేచి నడవమనండి, నీళ్ళు తాగమనండి. బాత్రూముకి లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసే పెద్దవాళ్ళు చాలామంది. అందుకే నడవ పక్క సీటు తీసుకోండి.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. శనివారం సాయంత్రం 6:30కి డాలస్‌లో ఎక్కారనుకోండి. పదిహేను గంటలకి దుబాయ్, అక్కడ ఆదివారం సాయంత్రం 6:30. మూడున్నర గంటలు ఆగి రాత్రి పదికి ఎక్కితే, మూడున్నర గంటల ప్రయాణం తర్వాత శంషాబాద్‌లో దిగేసరికి సోమవారం తెల్లవారుజామున మూడు. టికెట్ మీద ముప్ఫై రెండున్నర గంటలు కనిపిస్తుంది. పదిన్నర తీసేస్తే ఇరవై రెండు. వెళ్ళేటప్పటికన్నా అరగంట తక్కువే, కానీ ఆదివారం మొత్తం మాయమైనట్టు ఉంటుంది. నోములూ ఉపవాసాలూ ఉన్నవాళ్ళు ముందే చూసుకోండి. మా అమ్మ వెళ్ళేటప్పుడు ఉపవాసం పదిన్నర గంటలు ఎక్కువ చేయాల్సి వచ్చింది.

తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకి "సోమవారం మూడింటికి" అని చెప్పకండి. మళ్ళీ అదే తేదీ గండం, సోమవారం మధ్యాహ్నం వస్తారు. "ఆదివారం రాత్రి పడుకోకుండా వచ్చేయండి" అనండి.

ఈ లెక్కంతా అయ్యాక ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: ఇల్లు వదిలే టైము, దిగే ఊళ్ళు, ఒక్కోచోట ఆ ఊరి టైమూ మన టైమూ, మీ ఫోన్ నంబరు. దాన్ని ఫోన్లో ఫోటోగా పంపితే సరిపోదు, గల్ఫ్‌లో దిగేసరికి ఛార్జింగ్ ఉండదు. రెండు కాపీలు తీసి ఒకటి నాన్న చొక్కా జేబులో, ఒకటి అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టించండి.